బీఏ స్థాయిలో ఎకనామెట్రిక్స్, కాజల్ ఇన్ఫరెన్స్ నిజంగా నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. బీఏ ఎకనామిక్స్ మూడో సంవత్సరం. ఎకనామెట్రిక్స్ (డేటాతో ఆర్థిక సంబంధాల్ని కొలిచే సబ్జెక్టు) పేపర్లో మార్కులు బాగానే వచ్చాయి. హెటెరోస్కెడాస్టిసిటీ, ఆటోకోరిలేషన్, మల్టీకోలినియారిటీ అన్నీ చదివారు. కానీ ఒక పరిశోధన పత్రం తెరిస్తే రెండో పేజీ దాటడం లేదు. ప్రాజెక్టుకి "ప్రైవేటు బడిలో చేరితే పిల్లల చదువు మెరుగవుతుందా" అన్న అంశం తీసుకున్నారు. ఆరు నెలల టైం ఉంది. ఏ పుస్తకం, ఏ సాఫ్ట్‌వేర్, ఏ వరుసలో అని అడిగారు.

పుస్తకాల సంగతి తర్వాత చెప్తాను. మీరు ఇరుక్కున్న చోటు పుస్తకం మారిస్తే వదిలేది కాదు. మన డిగ్రీ సిలబస్‌లో ఎకనామెట్రిక్స్ అంటే ఎక్కువ భాగం ఎర్రర్ టర్మ్ (మోడల్ వివరించలేక మిగిలిన భాగం) గురించిన పరీక్షలే. మోడల్ ముందే చేతికిచ్చి, దాని అంచనా ఎంత కచ్చితంగా ఉందో చూడమంటారు. అసలు ఆ అంచనా మనం తెలుసుకోవాలనుకున్న విషయాన్నే చెబుతోందా అని మాత్రం అడగరు. కాజల్ ఇన్ఫరెన్స్, అంటే ఫలానా మార్పు ఫలానా దాని వల్లే వచ్చిందని తేల్చడం, అంతా ఆ అడగని ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఆ ప్రశ్నని మామూలు మాటల్లో ఇలా పెట్టుకోండి: అది ఎవరికి అందింది, వాళ్లకే ఎందుకు అందింది? చదివే ప్రతి పేపరునీ, రాసే ప్రతి రిగ్రెషన్‌నీ (ఒకటి మారితే ఇంకోటి సగటున ఎంత మారుతుందో చూపే లెక్క) దీనితోనే మొదలుపెట్టండి. మీరు పేర్లు విన్న పద్ధతులన్నీ ఈ ప్రశ్నకి రకరకాల జవాబులు.

మీ అంశంతోనే చూద్దాం. ఒక మండలంలో పరీక్ష పెడితే ప్రైవేటు బడి పిల్లల సగటు 56, ప్రభుత్వ బడి పిల్లల సగటు 50 వచ్చిందనుకోండి. తేడా 6 మార్కులు. ఇప్పుడు ఇంకో సమాచారం: ప్రైవేటు బడి పిల్లల్లో నూటికి 80 మంది తల్లులు పదో తరగతి పాసయ్యారు, ప్రభుత్వ బడి పిల్లల్లో 30 మంది తల్లులే. తల్లి పది పాసైన ఇంట్లో, బడి ఏదైనా సరే, పిల్లలకి సగటున 12 మార్కులు ఎక్కువ వస్తాయనుకుందాం. 0.8 లోంచి 0.3 తీస్తే 0.5. దాన్ని 12తో గుణిస్తే 6. అంటే బడి ఒక్క మార్కు కూడా పెంచకపోయినా ఆ ఆరు మార్కుల తేడా కనిపించి తీరుతుంది. అంకెలు నేను ఉదాహరణకి వేసినవే, లెక్క మాత్రం అసలైనది. ఓమిటెడ్ వేరియబుల్ బయాస్ (లెక్కలో వదిలేసిన విషయం వల్ల అంచనా ఒక వైపు ఒరగడం) పేరుతో మీరు ఫార్ములాగా బట్టీ పట్టింది ఈ గుణకారమే. దీన్ని చేత్తో వేయడం అలవాటైతే, డేటా ముట్టుకోకముందే బయాస్ ఏ వైపు ఉంటుందో, సుమారుగా ఎంత ఉంటుందో చెప్పగలుగుతారు. ఒక పరిశోధకుడికి ఇంతకన్నా పనికొచ్చే నైపుణ్యం నాకు తెలియదు.

ఇది చేశాక ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాయండి. వెయ్యి మంది పిల్లల్ని కల్పించండి. తల్లి చదువుని బట్టి ప్రైవేటు బడిలో చేరే అవకాశం పై ఉదాహరణలోని నిష్పత్తుల్లో పెరిగేలా పెట్టండి. మార్కుల మీద తల్లి చదువు ప్రభావం 12, బడి ప్రభావం సున్నా అని మీరే రాయండి. తర్వాత మార్కుల్ని బడి మీద రిగ్రెస్ చేయండి. కోఎఫిషియంట్ (బడి మారితే మార్కులు ఎంత మారాయన్న అంకె) ఆరుకి దగ్గరగా వస్తుంది, పీ వాల్యూ చాలా చిన్నదని చెప్పే మూడు స్టార్లూ పక్కన పడతాయి. నిజం సున్నా అని మీకు తెలుసు, ఎందుకంటే దాన్ని పెట్టింది మీరే. పీ వాల్యూ (నిజంగా ప్రభావం లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం) చిన్నగా ఉంటే చాలు, ప్రభావం ఉన్నట్టే అన్న నమ్మకం ఈ ఒక్క సాయంత్రంతో వదిలిపోతుంది. ఏ కొత్త పద్ధతి నేర్చుకున్నా ఇలాగే ముందు నిజాన్ని మీరే రాసి, ఆ పద్ధతి దాన్ని పట్టుకుంటుందో లేదో చూడండి.

మరి తల్లి చదువుని కంట్రోల్‌గా (అది సమానంగా ఉన్న పిల్లల్నే పోల్చేలా) కలిపేస్తే సరిపోదా అంటారు. అది డేటాలో ఉంది కాబట్టి కలపొచ్చు. కానీ తండ్రికి పిల్లవాడి చదువు మీద ఉన్న పట్టుదల, ఫీజు కట్టడానికి అప్పు చేసే తెగింపు, చిన్నప్పుడే పిల్లవాడిలో కనిపించిన చురుకుదనం ఏ సర్వేలోనూ కాలమ్‌గా ఉండవు. ఇక రెండో ప్రమాదం, దీన్ని మన క్లాసుల్లో దాదాపు చెప్పరు: కొన్ని కంట్రోల్స్ కలిపితే లెక్క బాగుపడకపోగా పాడవుతుంది. పిల్లవాడు ఇంట్లో రోజుకి ఎన్ని గంటలు చదువుతాడు అన్నది డేటాలో ఉందని కలిపేస్తారు. ప్రైవేటు బడి హోంవర్క్ ఎక్కువ ఇవ్వడం వల్లే ఆ గంటలు పెరిగి ఉండొచ్చు. అప్పుడు బడి చేసిన పనిలో కొంత భాగాన్ని మీరే తీసి అవతల పారేసినట్టు. పరీక్ష సులువు: ఆ విషయం బడిలో చేరకముందే స్థిరపడిందా, చేరాక మారగలదా? చేరాక మారగలిగేదైతే కంట్రోల్‌గా పెట్టకండి.

ఇక మీ అదృష్టం ఏమిటంటే, మీరు ఎంచుకున్న ప్రశ్న మీద ఇప్పటిదాకా జరిగిన మంచి ప్రయోగాల్లో ఒకటి మన దగ్గరే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 జిల్లాల్లోని 180 గ్రామాల్లో చేశారు. పత్రం 2015లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వచ్చింది. మీరు మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిన మొదటి పేపరు ఇదే కావాలి. ప్రభుత్వ బడుల్లోని పిల్లల తల్లిదండ్రుల్ని ప్రైవేటు బడి ఫీజుకి వోచర్ కావాలా అని అడిగి దరఖాస్తులు తీసుకున్నారు. తర్వాత రెండు డ్రాలు తీశారు. మొదటిది గ్రామాలకి: సగం గ్రామాల్లో వోచర్లు ఇస్తారు, మిగతా సగంలో ఎవరికీ ఇవ్వరు. రెండోది, వోచర్ గ్రామాల్లో దరఖాస్తు పెట్టినవాళ్ల మధ్య. ఇప్పుడు మన ప్రశ్న వేయండి. ఎవరికి అందింది? డ్రాలో పేరు వచ్చినవాళ్లకి. వాళ్లకే ఎందుకు? డ్రా కాబట్టి, అంతే. పట్టుదల ఉన్న తండ్రులు గెలిచిన గుంపులోనూ ఉన్నారు, గెలవని గుంపులోనూ అంతే నిష్పత్తిలో ఉన్నారు. పైన మనం చేసిన గుణకారంలో 0.5 ఉన్న చోట సగటున సున్నా వస్తుంది.

రెండు డ్రాలు ఎందుకో ఆగి ఆలోచించండి. ఒకే ఊళ్లో గెలిచినవాళ్లనీ గెలవనివాళ్లనీ పోలిస్తే సరిపోదా? కొందరు పిల్లలు ప్రైవేటుకి వెళ్లిపోతే ప్రభుత్వ బడిలో మిగిలినవాళ్ల చదువు కూడా మారొచ్చు. అప్పుడు మీ కంట్రోల్ గ్రూప్ (పోలిక కోసం పెట్టుకున్న, వోచర్ అందని గుంపు) కంట్రోల్ గ్రూప్‌గా మిగలదు. అసలు వోచర్లే లేని గ్రామాల్లోని దరఖాస్తుదారులు ఉన్నారు కాబట్టి ఆ సంగతి కూడా కొలవగలిగారు. మిగిలినవాళ్ల మీద చెప్పుకోదగ్గ ప్రభావం ఏమీ లేదని తేలింది.

ఫలితం చూడండి. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో వోచర్ పిల్లలకీ మిగతా దరఖాస్తుదారులకీ తేడా లేదు. హిందీలో మాత్రం బాగా ఎక్కువ వచ్చాయి, ఎందుకంటే ప్రైవేటు బళ్లు హిందీకి టైం కేటాయిస్తాయి, ఆ మేరకు తెలుగుకీ లెక్కలకీ తగ్గిస్తాయి. పైగా ఒక్కో పిల్లవాడి మీద ప్రైవేటు బడి పెట్టే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. కాబట్టి "ప్రైవేటు బడి మంచిదా కాదా" అన్న ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు లేదు: తెలుగు, లెక్కలు పెరగలేదు, హిందీ పెరిగింది, తక్కువ ఖర్చుతో అదంతా జరిగింది. ఒకే ప్రయోగాన్ని పట్టుకుని రెండు పక్షాల వాళ్లూ వాదించుకోవచ్చు, పేపరు పూర్తిగా చదివినవాళ్లు మాత్రం ఏ సంఖ్య దేని గురించో విడదీసి చెప్పగలరు. మీరు ఆ రెండో రకం కావాలి.

అదే పేపర్లో ఇంకో విషయం గమనించండి. వోచర్ వచ్చినవాళ్లందరూ దాన్ని వాడుకోలేదు. అప్పుడు వాడుకున్నవాళ్లని మాత్రమే తీసుకుని పోల్చాలనిపిస్తుంది. అలా చేస్తే డ్రా వల్ల వచ్చిన మేలంతా పోతుంది, ఎందుకంటే వాడుకోవడం మళ్లీ తల్లిదండ్రుల ఎంపికే. వోచర్ వచ్చిన మొత్తం గుంపునీ రాని మొత్తం గుంపునీ పోలిస్తే వచ్చేది ఇంటెన్షన్ టు ట్రీట్ అంచనా. ఆ తేడా 3 మార్కులు, డ్రా వల్ల ప్రైవేటు బడిలో చేరినవాళ్ల వాటా 60 శాతం పాయింట్లు పెరిగింది అనుకుంటే, 3ని 0.6తో భాగిస్తే 5. డ్రా వల్లే చేరినవాళ్ల మీద సగటు ప్రభావం అది. ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ (ఈ డ్రాలాగా, ఎవరు చేరతారో మార్చేది, ఫలితాన్ని మాత్రం వేరే దారిలో తాకనిది) అని భయపెట్టేదంతా ఈ భాగహారంతోనే మొదలవుతుంది. 2021 ఆర్థికశాస్త్ర నోబెల్‌లో సగం డేవిడ్ కార్డ్‌కి, మిగతా సగం జాషువా ఆంగ్రిస్ట్, గైడో ఇంబెన్స్‌లకి వచ్చింది. ఆ ఇద్దరి పనిలో ముఖ్య భాగం ఈ 5 అన్నది కచ్చితంగా ఎవరి గురించిన సంఖ్యో తేల్చడం. డ్రా లేని చోట ఇన్‌స్ట్రుమెంట్ దొరికిందని డిగ్రీ ప్రాజెక్టులో రాయకుండా ఉంటేనే మంచిదని నా అభిప్రాయం. వర్షాన్ని ఇన్‌స్ట్రుమెంట్‌గా వాడాలన్న ఆలోచన అందరికీ వస్తుంది, కానీ వర్షం పంటని మార్చినట్టే రోడ్లనీ, జ్వరాలనీ, బడి హాజరునీ కూడా మారుస్తుంది.

స్టాండర్డ్ ఎర్రర్ల (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకెల) గురించి ఒకే ఒక్క మాట, ఇది వైవాలో తప్పకుండా పనికొస్తుంది. డ్రా ఏ స్థాయిలో తీశారో ఆ స్థాయిలో క్లస్టర్ చేయాలి, అంటే ఒకే గుంపులోని వాళ్లు ఒకరితో ఒకరు పోలి ఉంటారని లెక్కలో తీసుకోవాలి. హైదరాబాద్‌లో మైక్రోఫైనాన్స్ మీద బెనర్జీ, డుఫ్లో, గ్లెనర్‌స్టర్, కినన్ చేసిన ప్రయోగంలో 104 బస్తీల్లో 52 బస్తీలని డ్రాలో ఎంచి అక్కడ బ్రాంచీలు తెరిపించారు. సర్వే చేసింది వేల ఇళ్లని. కానీ పక్కపక్క ఇళ్లకి ఒకే బ్రాంచి, ఒకే పనులు, ఒకే ధరలు. కాబట్టి మీ దగ్గర వేల స్వతంత్ర పరిశీలనలు ఉన్నట్టు కాదు, 104కి దగ్గరగా ఉన్నట్టు.

డ్రా లేనప్పుడు ఏం చేస్తారు? ఇక్కడ డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ (ఒక తేడాలోంచి ఇంకో తేడాని తీసేసే పద్ధతి) నేర్చుకోవడానికి బిహార్ సైకిళ్ల పేపరు తీసుకోండి. మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ రాసింది, 2017లో వచ్చింది. బిహార్ ప్రభుత్వం 2006 నుంచి హైస్కూల్లో చేరిన ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చింది. చేరికలు పెరిగాయి. కానీ అప్పుడు బిహార్‌లో అన్నీ మారుతున్నాయి: రోడ్లు, శాంతిభద్రతలు, ఆదాయాలు. అందుకని ముందు, పథకం అందే వయసు ఆడపిల్లల్ని కాస్త పెద్ద వయసు ఆడపిల్లలతో పోల్చారు. ఆ తేడాలోంచి మగపిల్లల్లో అదే తేడాని తీసేశారు. అందులోంచి పొరుగున ఉన్న జార్ఖండ్‌లో అదే లెక్కని తీసేశారు. ఒక్కో తీసివేత ఒక్కో అనుమానానికి సమాధానం. ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని, మగపిల్లలతో ఉన్న అంతరం 40 శాతం తగ్గిందని తేల్చారు. నాకు ఈ పేపర్లో అన్నిటికన్నా నచ్చేది ఆ తర్వాత వేసిన ప్రశ్న: పనిచేసింది సైకిలే అయితే, హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలోనే ప్రభావం ఎక్కువ ఉండాలి కదా? చూస్తే, 3 కిలోమీటర్లు దాటిన ఊళ్లలోనే ఎక్కువగా ఉంది. మీ వివరణ నిజమైతే ఇంకెక్కడ ఏం కనిపించాలి అని అడిగి, వెళ్లి చూడటం. సాఫ్ట్‌వేర్‌లో దీనికి కమాండ్ ఉండదు.

ఇదే పద్ధతితో చాలామంది విద్యార్థులు ఉపాధి హామీ మీద ప్రాజెక్టు చేస్తారు. పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలై, ముందు 200 జిల్లాలకి, 2007లో మరో 130కి, 2008 ఏప్రిల్ నుంచి మిగతా జిల్లాలకి వెళ్లింది. మూడు విడతలు అనగానే డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ కుదిరినట్టే అనిపిస్తుంది. మన ప్రశ్న వేయండి: ముందు వాళ్లకే ఎందుకు? వెనుకబడిన జిల్లాలు కాబట్టి. అలాంటప్పుడు పథకం లేకున్నా రెండు రకాల జిల్లాల్లో కూలి ఒకే తీరుగా పెరిగేదా? పథకానికి ముందు సంవత్సరాల గ్రాఫ్ గీసి చూపించలేకపోతే మీ అంచనాకి బలం లేదు. ఇంకోటి, విడతలవారీగా వచ్చిన పథకానికి మామూలు టూ వే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ రిగ్రెషన్ (జిల్లాల మధ్య, సంవత్సరాల మధ్య ఉండే స్థిరమైన తేడాల్ని తీసేసేది) వేస్తే, ముందే పథకం అందిన జిల్లాలు తర్వాత వచ్చిన జిల్లాలకి కంట్రోల్‌గా మారిపోతాయి. ఈ ఇబ్బందిని గుడ్‌మన్ బేకన్, కాలవే, సంతానా వంటివాళ్లు 2021లో వచ్చిన పేపర్లలో విడమరిచి చెప్పారు. మీ స్థాయికి దాని గణితం అక్కర్లేదు, ప్రమాదం ఉందని తెలిస్తే చాలు. రెండే విడతలు, రెండే కాలాలు తీసుకుని చేయండి.

రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ, అంటే ఒక అర్హత గీతకి కాస్త పైన, కాస్త కింద ఉన్నవాళ్లని పోల్చడం, తేలిగ్గానే అర్థమవుతుంది. ఊళ్లకి రోడ్లు వేసే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మొదట 500, 1000 జనాభా గీతలు పెట్టారు. 490 మంది ఉన్న ఊరూ 510 మంది ఉన్న ఊరూ నిజానికి ఒకటే, రోడ్డు వచ్చే అవకాశం మాత్రం వేరు. ఆషర్, నోవోసాడ్ దీన్ని వాడి, రోడ్డు వచ్చాక జనం వ్యవసాయం వదిలి వేరే పనులకి వెళ్లారు గానీ ఊరి ఆదాయాలు, ఆస్తులు పెద్దగా మారలేదని చూపారు. ఒక్క జాగ్రత్త: గీత దగ్గర అంకెని ఎవరైనా అటూ ఇటూ జరపగలరా? పదో తరగతిలో 35 మార్కుల గీత వాడదామనుకుంటే, 33, 34 దగ్గర ఆగిన పేపర్లని 35కి తెచ్చే అలవాటు ఉన్న చోట అది చెల్లదు. ముందు మార్కుల హిస్టోగ్రామ్ (ఏ మార్కు ఎంతమందికి వచ్చిందో చూపే పటం) గీయండి. 34 దగ్గర గుంట, 35 దగ్గర గుట్ట కనిపిస్తే వేరే గీత వెతుక్కోండి.

ఇప్పుడు పని పద్ధతి. సాఫ్ట్‌వేర్ ఆర్ చాలు, ఉచితం. పేపర్లతో వచ్చే కోడ్ ఎక్కువగా స్టాటా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, కానీ ఆ ఫైళ్లు మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి, వాటి డేటాని ఆర్ చదవగలదు. మంచి జర్నల్స్‌లో వచ్చిన చాలా పేపర్లకి డేటా, కోడ్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. పైన చెప్పినవాటిలో ఒకటి తీసుకుని దాని మొదటి రెండు టేబుళ్లు మీ చేత్తో మళ్లీ తయారు చేయండి. మూడో దశాంశం దాకా కలవాలి. కలవనప్పుడే అసలు చదువు మొదలవుతుంది: వెయిట్ మర్చిపోయారా, మిస్సింగ్ విలువల్ని సున్నాగా తీసుకున్నారా, శాంపిల్లోంచి ఎవరిని తీసేశారో కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవలేదా? ఒక పేపరు ఇలా పూర్తిగా చేసినవాళ్లు పది పేపర్లు పైపైన చదివినవాళ్ల కన్నా ముందుంటారు. మొదటి రెండు నెలలు దీనికే ఇవ్వండి.

పుస్తకం ఒక్కటే కావాలంటే స్కాట్ కనింగ్‌హామ్ రాసిన "కాజల్ ఇన్ఫరెన్స్: ది మిక్స్‌టేప్" ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది, ఆర్ కోడ్‌తో సహా. కాలేజీ పుస్తకాన్ని పారేయకండి, రిగ్రెషన్ బీజగణితం అందులోనే ఉంది. గణితంలో కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్ (ఒక విషయం తెలిసినప్పుడు ఇంకోదాని సగటు) గట్టిగా రావాలి. మ్యాట్రిక్సులు మాస్టర్స్ దాకా ఆగొచ్చు.

సొంత డేటాతో పని చేస్తే మన రాష్ట్రాలవాళ్లకి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. 2016లో తెలంగాణ 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత సర్వేలో కరీంనగర్ ఒక పెద్ద జిల్లా, కొత్త సర్వేలో అదే పేరుతో చిన్న ముక్క. జిల్లా పేరుతో రెండు ఫైళ్లు కలిపేస్తే సాఫ్ట్‌వేర్ ఏ ఎర్రరూ చూపించదు, తప్పు లెక్క నిశ్శబ్దంగా వస్తుంది. కొత్త జిల్లాలన్నిటినీ పాత జిల్లాలకి చేర్చే ఒక చిన్న పట్టిక ముందే తయారు చేసుకోండి. కొత్త జిల్లాల్లో కొన్ని రెండు మూడు పాత జిల్లాల మండలాలతో ఏర్పడ్డాయి, కాబట్టి వీలైన చోట మండల స్థాయిలో చేర్చండి.

చివరికి మీ ప్రాజెక్టు. ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే, 2004-05, 2011-12 రెండు విడతలూ, రిజిస్టర్ చేసుకుంటే ఉచితం. దేశవ్యాప్తంగా 40 వేలకు పైగా కుటుంబాలు, 8 నుంచి 11 ఏళ్ల పిల్లలకి చదవడం, రాయడం, లెక్కల పరీక్షలు, బడి రకం అన్నీ ఉన్నాయి. ముందు మామూలు తేడా, తర్వాత తల్లి చదువు, ఇంటి ఆదాయం కలిపిన తేడా, ఆ తర్వాత ఒకే ఇంట్లో ఒకరు ప్రైవేటులో, ఒకరు ప్రభుత్వ బడిలో ఉన్న తోబుట్టువుల మధ్య తేడా. మూడు కాలమ్‌ల టేబుల్. ఒక్కో కాలమ్‌కి తేడా ఎంత మారిందో, ఎందుకు మారిందో రెండు పేజీలు రాయండి. తోబుట్టువుల కాలమ్‌లో తండ్రి పట్టుదల రద్దయిపోతుంది, ఎందుకంటే తండ్రి ఒక్కడే. కానీ అదే ఇంట్లో వీడినే ప్రైవేటుకి ఎందుకు పంపారు? కొడుకనా, చురుకైనవాడనా, ఆ ఏడు చేతిలో డబ్బు ఆడిందనా? అబ్బాయిలు, అమ్మాయిల మధ్య ఎంపిక ఎలా ఉందో అదే డేటాలో లెక్కపెట్టి రెండో టేబుల్‌గా పెట్టండి. మీ మూడో కాలమ్ సంఖ్యని ఆంధ్రప్రదేశ్ ప్రయోగం సంఖ్యల పక్కన పెట్టి, రెండూ ఎందుకు కలవలేదో, లేదా ఎందుకు కలిశాయో చర్చించండి. టైటిల్‌లో "ప్రభావం" అని రాయకండి, "తేడా" అని రాయండి. టేబుల్ తయారయ్యాక ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.